విషం గ్లాసు కాదు, స్టాంపు కాగితం

జనవరి దాటిందంటే మా వైపు మిరప కోతల హడావుడి. చిలకలూరిపేట దాటి పర్చూరు, అద్దంకి వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా కళ్లాల్లో ఎర్రగా కాయలు, గాలి నిండా ఘాటు. నీడపట్టున కూర్చుని తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ల మధ్య ఓ అరగంట కూర్చుని చూడండి. ముందుగా వినిపించేది సీరియల్ కబుర్లే. ఏ అత్త ఏ కోడల్ని ఏం చేసింది, ఆ తోడికోడలు నోరు ఎప్పుడు మూతపడుతుంది అని. ఇంకొంచెం ఓపిగ్గా వింటే అసలు సంగతి తెలుస్తుంది. సీరియల్లో ఆడపడుచు పేరు పెట్టి ఒకామె తిడుతున్నది తన సొంత ఆడపడుచునే! పక్కనున్న వాళ్లందరికీ ఆ విషయం తెలుసు. తెలియనట్టే "అవునవును, దానికి మంచి శాస్తి జరగాలి" అంటుంటారు.

అందుకే, సీరియళ్లు చూసే ఆడవాళ్లకు బుర్ర లేదనే మాట నాకు ఎప్పుడూ రుచించదు. మన ఇంటి గుట్టు బయట పెట్టకుండా మన కష్టం చెప్పుకోవడానికి అదొక చాటు. నా ఫిర్యాదు చూసేవాళ్ల మీద కాదు. పదిమందీ ఇంత ఇదిగా తమ గోడు కలుపుకుని చూస్తుంటే, ఆ తీసేవాళ్లు మనకు చూపిస్తున్న పోట్లాటలు ఎవరింటివి? పాలగ్లాసులో మందు కలపడం, మెట్లమీద నూనె పోయడం, పట్టుచీర కట్టుకుని పడకగదిలో కుట్రలు పన్నడం... నాకు పెళ్లయి పదహారేళ్లయింది. అటు పుట్టింటి వైపు, ఇటు అత్తింటి వైపు కలిపి చిన్నా పెద్దా ఓ నలభై తగాదాలు చూసి ఉంటాను. ఒక్క దాంట్లోనూ ఎవరూ ఎవరికీ విషం పెట్టలేదు.

మరి దేనికి తగాదా అంటారా? నూటికి రెండు రూపాయల వడ్డీకి రాసిన ప్రోనోటుకి. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టిక్కీలు ధర పడిపోక ముందే ఎందుకు అమ్మలేదనే దానికి. అత్తగారి మోకాలి ఆపరేషన్ ఖర్చు ఎవరి వాటా ఎంత అనే దానికి. మామగారు మంచాన పడితే చూసింది ఎవరు, పండగ నాడు పళ్లు పట్టుకుని వచ్చి పోయింది ఎవరు అనే దానికి. అన్నిటికంటే ముఖ్యం, ఆడపిల్ల సంతకానికి. మీకు గుర్తున్నంతలో చెప్పండి, ఏ సీరియల్లో అయినా ప్రోనోటు మీద ఒక వారం కథ నడిచిందా?

సంతకాల గొడవలు సీరియళ్లలో లేవని కాదు. ఉన్నాయి. విలన్ ఖాళీ కాగితాల మీద మోసం చేసి పెట్టించుకుంటాడు. మన ఇళ్లలో అలా జరగదండీ. ఆడపిల్లని పిలిచి, ఇష్టమైన కూర వండి, మంచి చీర పెట్టి, "ఒకసారి రిజిస్ట్రారు ఆఫీసుదాకా వెళ్లొద్దాం అమ్మాయ్" అంటారు. ఆ అనే మనిషి దుర్మార్గుడా అంటే కాడు. చిన్నప్పుడు సైకిలు మీద బడికి దింపిన అన్నయ్యే.

ఇలా ఎందుకు అవుతోందని కాస్త ఆలోచిస్తే కారణం కథకుల్లో కంటే లెక్కల్లో కనిపిస్తుంది. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. అప్పటి సీరియళ్లు చాలావరకు పదమూడు వారాల సరుకు. మొదలూ చివరా ముందే తెలిసిన కథలు. 1995లో ఈటీవీ, జెమిని లాంటి ప్రైవేటు చానళ్లు వచ్చాక రోజూ సీరియల్ అలవాటైంది. మంజులా నాయుడుగారి 'ఋతురాగాలు', తర్వాత 'చక్రవాకం', 'మొగలిరేకులు' వచ్చేటప్పుడు వంటింటి పనులన్నీ ఆ టైముకు ముందే ముగించుకున్న ఇళ్లు నాకు తెలుసు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, వాటిలో మనుషులు మనుషుల్లాగే మాట్లాడుకునేవాళ్లు. ఆ తర్వాత సాగదీత మరీ ఎక్కువైంది. 2017లో మొదలై 2023 దాకా నడిచిన 'కార్తీక దీపం' పదిహేను వందల భాగాలు దాటింది. చామనఛాయ పిల్లను అత్తగారు చులకన చేయడంతో మొదలైన కథ అది. మన ఇళ్లలో రోజూ జరిగేదే. కానీ వంటలక్కా డాక్టర్ బాబూ ఒక గంట కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయే అనుమానం మీద అన్నేళ్లు నడపాలంటే, మధ్యలో ఒక మోనిత ఉండి తీరాలి కదా! వారం వారం రేటింగులు చూసుకుని రాసే కథలో తగాదా తీరితే సీరియల్ అయిపోతుంది. తీరకూడదంటే మనిషి మారకూడదు. మారని మనిషంటే ఇక రాక్షసే.

ఈ మాటలు నాలో నేను చాలాకాలంగా అనుకుంటున్నవే. వాటికి ఒక రూపం వచ్చింది మాత్రం చైనా సీరియళ్లు చూశాక. నవ్వకండి. చైనా అంటే కత్తియుద్ధాలు, గాల్లో ఎగరడం అనే నేనూ అనుకున్నాను. మా అబ్బాయి ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే కంటపడింది ఒకటి, కింద ఇంగ్లీషు అక్షరాలతో. బి.ఏ. చదివిన ఇంగ్లీషు ఇన్నాళ్లకు పనికొచ్చింది.

వాళ్లూ మనలాగే మొదలుపెట్టారని తర్వాత తెలిసింది. 1990లో వచ్చిన 'కె వాంగ్' (తపన అని అర్థమట) యాభై భాగాల సీరియల్. ఫ్యాక్టరీలో పనిచేసే ఒక అమ్మాయి, దొరికిన బిడ్డను పెంచుకుని, చదువుకున్న మొగుడి దగ్గరా, ఆడపడుచు దగ్గరా నానా మాటలూ పడి, అందర్నీ క్షమించుకుంటూ పోతుంది. ఆ సీరియల్ వచ్చే వేళకి వీధులు ఖాళీ అయ్యేవని చెప్పుకుంటారు. అచ్చం మన ఓర్పుగల ఇల్లాలే! 2007 నాటికి వచ్చేసరికి 'రెండువైపులా అంటుకునే టేపు' అనే పేరుతో ఒకటి తీశారు. లియు లియు అనే రచయిత్రి నవల అది. షాంఘై పిల్ల కోడలు, ఉత్తరాది నుంచి వచ్చిన అత్తగారు. అత్తగారు కొడుకింటికి వచ్చి చూస్తే కొడుకు గిన్నెలు తోముతున్నాడు. అంతే, అక్కణ్ణుంచి అగ్గి రాజుకుంది. ఆ అత్తగారు చెడ్డదేం కాదు. కొడుకు చేతిలో పీచు చూసి ఆమె గుండె నిజంగానే నీరైపోయింది. కోడలూ చెడ్డది కాదు, ఆమె కూడా ఉద్యోగం చేసి అలసిపోయి వచ్చిందాయె. ఆ టేపు ఎవరో వేరే చెప్పాలా? మధ్యలో నలిగే మొగుడే!

ఇక నన్ను నాలుగు రాత్రులు నిద్రపోనివ్వనిది 2019 మార్చిలో వచ్చిన 'అంతా బాగానే ఉంది'. 46 భాగాలు. ఆ నై అనే ఆవిడ నవలను తీసుకుని చేశారు. సూజో నగరంలో సూ వారి కుటుంబం. ఇద్దరు కొడుకులు, ఆఖరిది కూతురు మింగ్‌యూ. పెద్దవాడి అమెరికా చదువు కోసం, రెండోవాడి కోసం తల్లి ఇంట్లో గదులు అమ్మేస్తుంది. పెద్ద విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకోగల కూతుర్ని మాత్రం ఖర్చులేని టీచరు చదువుకి తోస్తుంది. ఆ పిల్ల పద్దెనిమిదేళ్లకే ఇంట్లోంచి వెళ్లిపోయి, తన కాళ్ల మీద తను నిలబడి పెద్ద ఉద్యోగి అవుతుంది. కథ మొదలయ్యేది తల్లి చావుతో. అక్కణ్ణుంచి ప్రశ్న ఒక్కటే: తండ్రిని ఎవరు చూడాలి?

ఆ తండ్రి దాచ్యాంగ్ గురించి చెప్పకుండా ఉండలేను. పెళ్లాం బతికున్నన్నాళ్లూ నోరెత్తని మనిషి. ఆమె పోగానే నాకు కాఫీ గింజలు చేత్తో విసిరి కాచిన కాఫీయే కావాలంటాడు, అమెరికా వెళ్తానంటాడు, పెద్ద ఇల్లు కొనిపెట్టమంటాడు. పెద్దకొడుక్కి అక్కడ ఉద్యోగం పోయింది. అయినా 'ఇంటికి పెద్దవాణ్ణి' అన్న బిరుదు కోసం అన్నిటికీ సరేనని తల ఊపి, పెళ్లాంతో పోట్లాట తెచ్చుకుంటాడు. ఈ పెద్దకొడుకుని నేను ఎన్ని ఇళ్లలో చూశానో! మనవాళ్లలో అతనికి పేరుకి మాత్రం లోటుండదు, చేతిలో డబ్బు ఉండదు.

ఆ సీరియల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఏడుపు సీను కాదు, లెక్కల పుస్తకం. తండ్రి ఏళ్ల తరబడి ఇంటి లెక్కలు రాసి పెట్టుకున్నాడు. అవి బయటపడతాయి. రెండోవాడు, అమ్మా నాన్నల దగ్గర ఉండి చూసుకున్నది నేనేనని ఛాతీ విరుచుకునే వాడు, వాళ్ల దగ్గర ఎంత గుంజాడో అందులో అంకెలతో సహా ఉంది. కుటుంబం అంటే ప్రేమ అనే మాట కింద ఎన్ని అంకెలు దాక్కుంటాయో ఆ పుస్తకం చూపించింది. వాళ్ల సీరియళ్లు ముందే పూర్తిగా తీసి ప్రసారం చేస్తారు. 2020లో అక్కడి ప్రభుత్వం నలభై భాగాలు మించవద్దని కూడా చెప్పింది. కథ తీరే రోజు ముందే తెలుసు కనుక మనుషులకు మారే వీలుంది. దానికి తోడు దాదాపు ముప్ఫై అయిదేళ్లు 'ఒక్క బిడ్డే' అన్న పద్ధతి, పట్టణాల్లో ఆకాశానికంటే ఇళ్ల ధరలు. ఒక జంట మీద నలుగురు ముసలివాళ్లు ఆధారపడే దేశంలో ఈ లెక్కలు తప్పవు.

కంటి ఆపరేషన్ కోసం వచ్చి మా అమ్మ పదిరోజులు నా దగ్గర ఉంది. కట్టు విప్పాక ఆ సీరియలే పెట్టి, కింది అక్షరాలు తెలుగులో చెబుతూ చూపించాను. తల్లి గది అమ్మేసిన చోట నేను ఆపి అమ్మ మొహం చూశాను. "ఆవిడ తప్పేముందే, మగపిల్లలు ఒక దారిన పడాలిగా" అంది తేలిగ్గా. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ఉన్నట్టుండి, "ఆ పిల్లకి ఒక మాటయినా చెప్పి అమ్మాల్సింది" అంది. కాసేపాగి, "మాకూ చెప్పలేదులే" అంది.

అమ్మ చెప్పిన 'మాకూ' వెనక ఒక చట్టం ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు దేశంలో ముందుగా తెచ్చింది మన రాష్ట్రమే, ఎన్టీ రామారావుగారి ప్రభుత్వ కాలంలో, 1986లో. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు అన్నారు. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లలకు వర్తించదన్నారు. మా అమ్మ పెళ్లి 1981లో. నాలుగేళ్ల తేడాతో తలుపు మూసుకుపోయింది. 2005 సెప్టెంబరు 9న కేంద్ర చట్టం వచ్చి పెళ్లయినవాళ్లకీ, కానివాళ్లకీ ఒకటే హక్కు అంది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలా అక్కర్లేదా అన్న గుంజాటనకి 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తెరదించింది, అక్కర్లేదని. కానీ 2004 డిసెంబరు 20 నాటికే రిజిస్టరుగా జరిగిన పంపకాలను తిరగదోడరు. మా తాతగారి పొలం మామయ్యలు అంతకుముందే పంచుకున్నారు. ఇదీ అమ్మ కథ. ఏ కుట్రా లేదు, ఏ విలనూ లేడు. నాలుగు తేదీలు, ఒక మౌనం.

చట్టం వచ్చిందని ఇళ్లు మారతాయా? మా వైపు మాట ఒకటే: "నీకు పెళ్లిలో ఇచ్చేశాంగా." కట్నం ఇవ్వడం 1961 నుంచీ నేరం. అదే నేరాన్ని ఆస్తి పంపకంలో చెల్లుచీటీగా చూపించడం మన తెలివి. 2014లో రాజధాని ఇటువైపు అనగానే భూముల ధరలు లేచిన ఊళ్లలో, అంతదాకా నోరెత్తని ఆడపిల్లలు వాటా అడిగారు. అడిగినవాళ్లను "డబ్బు మనుషులు" అన్నారు. అడగనివాళ్లను "బంగారం" అన్నారు. ఆ బంగారం అన్న మాటకు ఎకరాకి ఎంత పలుకుతుందో ఎవరూ లెక్కగట్టలేదు!

చైనా సీరియల్ను నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. చివరికి ఏం చేశారో చూడండి. తండ్రికి మతిమరుపు జబ్బు వస్తుంది. అంతమంది కొడుకులుండగా, ఏమీ దక్కని కూతురే ఉద్యోగం మానుకుని ఆయన్ని చూసుకుంటుంది. జబ్బులో కూడా కూతురి చదువుకి పుస్తకం కొనాలన్నది గుర్తుండి ఆయన వెతుకుతుంటాడు. నేనూ కళ్లు తుడుచుకున్నాను, అబద్ధమెందుకు! తుడుచుకున్నాక కోపం వచ్చింది. 45 భాగాలు లెక్క అడిగి ఆఖర్న లెక్క మాఫీ చేసేశారు. అక్కడి ప్రేక్షకుల్లో చాలామంది కూడా ఆ ముగింపును ఒప్పుకోలేదు.

మన దగ్గర ఈ చూపు లేదా అంటే, ఉంది. తెనాలి దగ్గర కొలకలూరు పి.సత్యవతిగారి ఊరు. ఆవిడ 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. ఆ కథలో ఒక్క దుర్మార్గుడు ఉన్నాడేమో వెతకండి. అదే కొలకలూరు నేపథ్యంగా 2020లో 'మిడిల్ క్లాస్ మెలొడీస్' సినిమా వచ్చింది. గుంటూరులో హోటలు పెడతానని కొడుకు, నోటికొచ్చినట్టు తిట్టే తండ్రి. ఆ తిట్లు విని మా ఇంట్లో అందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం, మా మామగారు పక్క గదిలో ఉన్నారేమోనని! 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన '90స్' అయితే ఆరే ఆరు భాగాలు. లెక్కల మాస్టారి ఇంట్లో ఉప్మా మీదా, మార్కుల మీదా, రూపాయి మీదా నడుస్తుంది. జనం ఎగబడి చూశారు. కనుక 'ప్రేక్షకులు మసాలాయే అడుగుతారు' అన్న మాట నేను నమ్మను. అయితే వీటిలో చాలావరకు తండ్రీ కొడుకుల కథలే. ఆడపడుచు, వదిన, ఒక స్టాంపు కాగితం... ఆ కథ ఇంకా రావాలి.

ఆ కథ రాయడానికి నా దగ్గరే సరుకుంది. నాన్న 2019లో పోయారు. పర్చూరు దగ్గర నాలుగున్నర ఎకరాల నల్లరేగడి. అన్నయ్య అది కాక ఇంకో అయిదు ఎకరాలు కౌలుకు చేస్తాడు, కొంత పత్తి, మిగతాది మిరప. 2025లో మిరప ధర ఎలా పడిపోయిందో ఈ జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. క్వింటాలుకు 11,781 రూపాయలని ఫిబ్రవరిలో కేంద్రం ఒక ధర ప్రకటించేదాకా వచ్చింది. అన్నయ్య టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఆ బాండు మీద అప్పు తెచ్చి, దాంతో పాత ప్రోనోటు వడ్డీ కట్టాడు. ఇప్పుడు ఎకరంన్నర అమ్మితే గానీ ఊపిరాడదు. అమ్మాలంటే నా సంతకం కావాలి.

నాన్న పక్షవాతంతో రెండేళ్లు మంచంలో ఉన్నారు. ఒళ్లు తుడిచింది, మలమూత్రాలు ఎత్తింది వదిన. పొద్దున అది ముగించుకుని కళ్లంలోకి పోయి కాయలు ఏరేది. ఆ రెండేళ్లకి ఆవిడకి చట్టంలో ఏ వాటా లేదు. నాకుంది. ఈ ముక్క ఏ చట్టం పుస్తకంలోనూ, ఏ సీరియల్లోనూ కనబడదు. నా హక్కు నిజం. ఆవిడ చాకిరీ నిజం. అన్నయ్య అప్పు నిజం. ఇందులో ఎవర్ని రాక్షసిని చేసి కథ నడపమంటారు?

హక్కు విడుదల పత్రం నకలు వాట్సాప్‌లో వచ్చింది. నాలుగు పేజీలు. 'పసుపు కుంకుమల నిమిత్తం పూర్తిగా ముట్టినందున' అని ఉంది అందులో. అప్పు మాట లేదు. వదిన చేసిన సేవ మాట లేదు. అన్నయ్యకు ఫోన్ చేసి, సంతకం సంగతి తర్వాత, ముందు ప్రోనోట్లు, స్టోరేజీ బాండ్లు, నాన్న ఆసుపత్రి బిల్లులు, నా పెళ్లి ఖర్చు రాసిన పుస్తకం అన్నీ పట్టుకురమ్మన్నాను. ఒకచోట కూర్చుని కూడదామన్నాను. వదిన కూడా కూర్చోవాలన్నాను.

"ఆవిడెందుకు?" అన్నాడు.

"రెండేళ్ల లెక్క ఆవిడ దగ్గరే ఉందిగా అన్నయ్యా" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. పెట్టేశాడేమో అనుకున్నాను. ఆదివారం వస్తున్నారు, ఇద్దరూ.